వైఫై గుర్తే కనబడని లాప్‌టాప్: డెబియన్ 12, బ్రాడ్‌కామ్ బీసీఎం43142 – ఒక కేస్ స్టడీ

ఈ లాప్‌టాప్ విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ద్వారకానగర్ సర్వీస్ బెంచీకి వచ్చింది. ఇల్లు అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంది, బాల్కనీ లాసన్స్ బే వైపు ఉంటుంది. వాడేది డిగ్రీ విద్యార్థిని. విండోస్ పక్కనే డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) వేసుకుంది. ఫిర్యాదు ఒక్క ముక్క: "వైఫై ఆప్షనే రావట్లేదండీ." విండోస్‌లో ఎలా ఉందని అడిగితే ఇంకో ముక్క బయటికొచ్చింది: "అందులో వస్తుంది గానీ నెమ్మదండీ, ఒక్కోరోజు ఇంట్లో మా వైఫై పేరే కనబడదు." ఈ రెండో ముక్కే ఎక్కువ పనికొచ్చింది. విండోస్‌లోనూ కనిపించే తేడా లినక్స్‌ది కాదు. కార్డుదైనా అయ్యుండాలి, రూటర్‌దైనా అయ్యుండాలి.

ఈ కేసు రాయడానికి కారణం తప్పుల సంఖ్య కాదు, వాటి అమరిక. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. అడుగున ఉన్నది సరిచేసినా పైకి కనిపించే లక్షణం మారదు, నెట్ రాదు. అప్పుడు చాలామంది "ఇది కాదన్నమాట" అనుకుని సరిగ్గా చేసిన పనినే వెనక్కి తీసేస్తారు. ఈ లాప్‌టాప్‌లో జరిగిందీ అదే. బెంచీకి వచ్చేసరికి అందులో మూడు రకాల బ్రాడ్‌కామ్ ఫర్మ్‌వేర్ (చిప్ లోపలికి ఎక్కించే ప్రోగ్రామ్) ప్యాకేజీలు, ఇంటెల్ కార్డుల ఫర్మ్‌వేర్, ఎక్కడినుంచో తెచ్చి అతికించిన బ్లాక్‌లిస్ట్ ఫైలు ఉన్నాయి. సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌లోని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ బాహాటంగా రాసి ఉన్నాయి.

చిప్ ఏది?

మొదటి కమాండ్ 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే', లోపలి కార్డులను, వాటి డ్రైవర్లను చూపిస్తుంది. నెట్‌వర్క్ కంట్రోలర్ వరసలో బీసీఎం43142, ఐడీ 14ఈ4:4365 వచ్చింది. మార్కెట్లో మోడల్ పేరు ఏదైనా కావచ్చు, పట్టుకోవాల్సింది ఈ ఐడీనే. ఇది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టే బీ/జీ/ఎన్ కార్డు. 5 గిగాహెర్ట్జ్ లేదు. అదే చిప్‌లో బ్లూటూత్ కూడా ఉంది.

కింది వరసలో ఉన్నదే అసలు బోల్తా కొట్టించేది: 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్: బీసీఎంఏ-పీసీఐ-బ్రిడ్జ్'. డ్రైవర్ అని ఉంది కదా, పనిచేస్తోంది కదా అనిపిస్తుంది. బీసీఎంఏ అనేది బ్రాడ్‌కామ్ చిప్ లోపలి భాగాలను కెర్నెల్‌కు (లినక్స్ గుండెకాయకు) చూపించే దారి, అంటే బస్ మాత్రమే, దానికి రేడియో నడపడం రాదు. దాని మీద కూర్చోవాల్సిన వైఫై డ్రైవర్ ఇక్కడ లేదు. బీ43 అనే స్వేచ్ఛా డ్రైవర్ ప్రయత్నించింది గానీ డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్‌లో) 'ఫౌండ్ అన్‌సపోర్టెడ్ ఫై' అని రాసి ఊరుకుంది. ఆ చిప్‌లోని రేడియో భాగం దానికి తెలియదు. బీ43 ఫర్మ్‌వేర్ ఎన్ని సార్లు వేసినా ఈ మాట మారదు.

డీమెసేజ్‌లోనే ఇంకో వరస ఉంది: 'ఫర్మ్‌వేర్ ప్యాచ్ ఫైల్ నాట్ ఫౌండ్' అని, దాని కింద 'బీసీఎం43142ఏ0' పేరుతో ఒక హెచ్‌సీడీ ఫైలు. ఫర్మ్‌వేర్ దొరకలేదు అని చదివి, విద్యార్థిని ఆ ప్యాకేజీలన్నీ వేసింది ఈ వరస చూసే. ఆ వరస ముందు 'బ్లూటూత్: హెచ్‌సీఐ0' అని ఉంది. అది బ్లూటూత్ ప్యాచ్ ఫైలు గురించి, వైఫైకి దానితో పని లేదు. లాగ్‌లో ఎర్రగా కనిపించిన ప్రతి వరసా మన జబ్బుదే అనుకోకూడదు, వరస మొదట్లో ఏ భాగం పేరుందో చూడాలి.

రేడియోల స్విచ్చులు చూపించే 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' ఇస్తే బ్లూటూత్ ఒక్కటే వచ్చింది. వైఫై వరసే లేదు. బ్లాక్ అయి ఉంటే 'సాఫ్ట్ బ్లాక్డ్' అనో 'హార్డ్ బ్లాక్డ్' అనో వరస ఉంటుంది. వరసే లేదంటే డ్రైవర్ లేదని అర్థం. అందుకని ఇక్కడ 'అన్‌బ్లాక్ ఆల్' కొట్టినా, ఫంక్షన్ కీ అరిగిపోయేదాకా నొక్కినా ఒరిగేదేమీ లేదు.

డ్రైవర్

ఈ చిప్‌కు నడిచేది బ్రాడ్‌కామ్ సొంత డ్రైవర్ 'డబ్ల్యూఎల్'. డెబియన్‌లో దాని ప్యాకేజీ 'బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్', డెబియన్ 12లో వెర్షన్ 6.30.223.271. డీకేఎంఎస్ అంటే ప్రతి కెర్నెల్‌కూ డ్రైవర్ మాడ్యూల్‌ను మన యంత్రంలోనే తయారుచేసే ఏర్పాటు. డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలరే 'నాన్‌ఫ్రీ-ఫర్మ్‌వేర్' విభాగాన్ని చేర్చుకుంటోంది కాబట్టి అన్నీ వచ్చేసినట్టే అనిపిస్తుంది. కానీ ఈ ప్యాకేజీ ఉన్నది ఆ విభాగంలో కాదు, పాత 'నాన్‌ఫ్రీ'లో. ఆప్ట్ సోర్సెస్ ఫైల్లో బుక్‌వార్మ్ (డెబియన్ 12 ముద్దుపేరు) వరస చివర 'నాన్‌ఫ్రీ' చేర్చి 'ఆప్ట్ అప్‌డేట్' ఇస్తే తప్ప ప్యాకేజీ పేరే దొరకదు.

వైఫై లేకుండా దించుకోవడానికి ఆండ్రాయిడ్ ఫోన్, డేటా కేబుల్ చాలు. కేబుల్ పెట్టి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లాప్‌టాప్‌లో వైర్డ్ కనెక్షన్‌లా కనిపిస్తుంది. దానికి కావాల్సిన డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే ఫోన్‌లో టెథరింగ్ బటన్ వెలగదు.

ముందు బీ43 ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌ను 'పర్జ్' చేసి, తరువాత 'లినక్స్-హెడర్స్-ఏఎండీ64', 'బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్' రెండూ కలిపి వేశాం. హెడర్లు (మాడ్యూల్ తయారీకి కావాల్సిన కెర్నెల్ ఫైళ్ళు) లేకుండా ఒక్క డ్రైవర్ ప్యాకేజీనే వేస్తే ఇన్‌స్టాల్ అయినట్టే ఉంటుంది గానీ మాడ్యూల్ తయారవదు. 'డీకేఎంఎస్ స్టేటస్'లో ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ పక్కన 'ఇన్‌స్టాల్డ్' అని ఉండాలి. ఆ వెర్షన్ 'యూనేమ్ -ఆర్' చెప్పేదానితో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. కెర్నెల్ అప్‌డేట్ అయి రీబూట్ చేయకుండా ఉంటే హెడర్లు కొత్తదానికి, నడుస్తున్నది పాతది. అప్పుడు ముందు రీబూట్.

సెక్యూర్ బూట్

మాడ్యూళ్ళను ఎక్కించే, దించే కమాండ్ మోడ్‌ప్రోబ్. 'మోడ్‌ప్రోబ్ -ఆర్'తో బీ43, బీసీఎంఏ, ఎస్ఎస్‌బీ మాడ్యూళ్ళను దించి 'మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్' ఇస్తే వచ్చిన జవాబు: 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్'. మాడ్యూల్ సరిగ్గానే తయారైంది, సంతకమూ ఉంది. కానీ ఆ సంతకం పెట్టిన కీ మదర్‌బోర్డుకు తెలియదు. 'మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్' అడిగితే సెక్యూర్ బూట్ (తనకు తెలిసిన సంతకం ఉన్నవాటినే నడవనిచ్చే రక్షణ) ఎనేబుల్డ్ అంది.

ఇక్కడ చాలామంది బయాస్‌లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ ఆపేస్తారు. పని అవుతుంది. కానీ పక్కన విండోస్ ఉండి దానికి బిట్‌లాకర్ (డిస్క్‌కు వేసే తాళం) ఉంటే, తరువాత విండోస్ తెరిచినప్పుడు రికవరీ కీ అడిగే ప్రమాదముంది. ఆ 48 అంకెల కీ దగ్గర లేనివాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. కీని నమోదు చేయడమే మేలు, ఐదు నిమిషాల పని.

డెబియన్ 12లో డీకేఎంఎస్ తన కీ జతను 'వార్ / లిబ్ / డీకేఎంఎస్' ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. అందులోని 'మోక్ డాట్ పబ్' ఫైలును 'మోక్‌యుటిల్ --ఇంపోర్ట్'కు ఇవ్వాలి. ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, ఒక్కసారి వాడి పారేసేదే. అంకెలతో పెట్టుకోవడం మంచిది, తరువాతి తెర మీద కీబోర్డ్ అమెరికన్ లేఅవుట్‌లో ఉంటుంది. రీబూట్ చేయగానే నీలం తెర వస్తుంది, మామూలుగా 10 సెకన్లు ఆగుతుంది. ఆ లోపు ఏదో ఒక కీ నొక్కి 'ఎన్‌రోల్ మోక్', 'కంటిన్యూ', 'యెస్' దాటి పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పది సెకన్లలో టీ కప్పు అందుకోవడానికి వెళ్ళినా మళ్ళీ ఇంపోర్ట్ నుంచి మొదలు.

నమోదయ్యాక 'మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్' మారుమాట లేకుండా పూర్తయింది. 'ఐపీ లింక్'లో డబ్ల్యూఎల్‌పీ6ఎస్0 అనే ఇంటర్‌ఫేస్ కనిపించింది.

అలకగానే పండగ కాదు

రీబూట్ చేస్తే ఇంటర్‌ఫేస్ మాయం. చేత్తో మోడ్‌ప్రోబ్ ఇస్తే మళ్ళీ వస్తుంది. ఈ లక్షణానికి అర్థం దాదాపు ఒక్కటే: ఎక్కడో బ్లాక్‌లిస్ట్ ఉంది. బ్లాక్‌లిస్ట్ అనేది హార్డ్‌వేర్‌ను చూసి మాడ్యూల్ తనంతట తాను లోడ్ కావడాన్నే ఆపుతుంది. పేరు పెట్టి పిలిస్తే ఆపదు. అందుకే చేత్తో పనిచేసి బూట్‌లో పనిచేయదు. 'గ్రెప్ -ఆర్ డబ్ల్యూఎల్' అని మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్ మీద వెతికితే విద్యార్థిని అతికించిన ఫైలు దొరికింది. అది వేరే బ్రాడ్‌కామ్ చిప్‌కు, బీ43 వాడేవాళ్ళ కోసం రాసినది. అందులో 'బ్లాక్‌లిస్ట్ డబ్ల్యూఎల్' అని స్పష్టంగా ఉంది. ఆ ఫైలు తీసేసి, 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ' ఇచ్చి రీబూట్ చేస్తే ఇంటర్‌ఫేస్ నిలబడింది. బీ43, బీసీఎంఏలను ఆపే బ్లాక్‌లిస్ట్ ఎస్‌టీఏ ప్యాకేజీతోనే వస్తుంది, మనం చేత్తో రాయాల్సింది ఏమీ లేదు.

అయినా డెస్క్‌టాప్ మీద వైఫై గుర్తు రాలేదు. 'ఎన్ఎంసీఎల్ఐ డివైస్' చూస్తే ఇంటర్‌ఫేస్ పక్కన 'అన్‌మేనేజ్డ్'. డెబియన్‌లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో పేరున్న ఇంటర్‌ఫేస్‌ను నెట్‌వర్క్ మేనేజర్ (డెస్క్‌టాప్‌లో వైఫైని నడిపే సేవ) ముట్టుకోదు, అది వేరేవాళ్ళ సొత్తు అనుకుంటుంది. లూప్‌బ్యాక్‌కు (యంత్రం తనతో తాను మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్‌కు) సంబంధించిన రెండు వరసలు ఉంచి మిగతావి తొలగించి నెట్‌వర్క్ మేనేజర్‌ను రీస్టార్ట్ చేశాం. గుర్తు వచ్చింది, చుట్టుపక్కల షాపుల నెట్‌వర్క్‌లూ కనిపించాయి.

పాస్‌వర్డ్ మళ్ళీ మళ్ళీ అడగడం

బెంచీ మీద పరీక్షకు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాం. ఈ కార్డు కోసం హాట్‌స్పాట్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌కు, డబ్ల్యూపీఏ2కు మార్చాలి. కొత్త ఫోన్లలో కొన్ని 5 గిగాహెర్ట్జ్‌లోనో డబ్ల్యూపీఏ3లోనో మొదలవుతాయి. మొదటిది ఈ కార్డుకు కనబడదు, రెండోది డబ్ల్యూఎల్ డ్రైవర్‌కు చేతకాదు.

పేరు కనిపించింది, పాస్‌వర్డ్ కొడితే కాసేపు తిరిగి మళ్ళీ అడిగింది. పాస్‌వర్డ్ తప్పా కాదా అన్నది ఊహించనక్కర్లేదు, లాగ్ చెబుతుంది. 'జర్నల్‌సీటీఎల్ -యూ'తో వైఫై లాగిన్ పని చూసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ లాగ్ తెరిస్తే, పాస్‌వర్డ్ తప్పయినప్పుడు '4-వే హ్యాండ్‌షేక్ ఫెయిల్డ్, ప్రీ-షేర్డ్ కీ మే బీ ఇన్‌కరెక్ట్' అని ఉంటుంది. ఇక్కడ అది లేదు. నెట్‌వర్క్ మేనేజర్ లాగ్‌లో ఉన్నది 'అసోసియేషన్ టుక్ టూ లాంగ్'. అంటే హ్యాండ్‌షేక్ (పాస్‌వర్డ్ సరిచూసే మెట్టు) దాకా వెళ్ళనే లేదు. డెస్క్‌టాప్ మాత్రం ఏ కారణానికైనా పాస్‌వర్డ్ పెట్టెనే ముందుకు తోస్తుంది. జనం అదే పాస్‌వర్డ్‌ను మళ్ళీ మళ్ళీ కొడుతూ, చివరికి రూటర్ రీసెట్ చేసేదాకా వెళ్ళేది ఇక్కడే.

నెట్‌వర్క్ మేనేజర్ స్కాన్ చేసేటప్పుడు గోప్యత కోసం మ్యాక్ అడ్రస్‌ను (కార్డు గుర్తింపు సంఖ్యను) మార్చి మార్చి వాడుతుంది. డబ్ల్యూఎల్ డ్రైవర్‌కు ఇది పడదు. నెట్‌వర్క్ మేనేజర్ 'కాన్ఫ్ డాట్ డీ' ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెట్టి, చదరపు బ్రాకెట్లలో 'డివైస్', దాని కింద 'వైఫై.స్కాన్-ర్యాండ్-మ్యాక్-అడ్రెస్=నో' అని రాసి సేవను రీస్టార్ట్ చేస్తే అదే పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయింది. ఐపీ అడ్రస్ వచ్చింది, గేట్‌వే (ఇక్కడ ఫోనే) పింగ్‌కు జవాబిచ్చింది, వెబ్‌సైట్ల పేర్లు తెరుచుకున్నాయి. ఆ పై మెట్లలో ఏ తేడా లేదు.

ఉప్పు గాలి పని

ఫోన్ బల్ల మీద, లాప్‌టాప్‌కు రెండడుగుల దూరంలో ఉంది. 'ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ6ఎస్0 లింక్' చూపించిన సిగ్నల్ -71 డీబీఎం (సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం). అంత దగ్గరలో -40, -50 మధ్య ఉండాలి. విండోస్‌లోనూ నెమ్మది అన్న మాట గుర్తుంది కాబట్టి స్క్రూలు విప్పాం.

పవర్ ఆపి, బ్యాటరీ కనెక్టర్ తీశాక వైఫై కార్డు మీద యాంటెన్నా తీగ తల చూస్తే బంగారు రంగు ఉంగరం చుట్టూ పచ్చటి పొర కట్టి ఉంది. తల ఒక పక్కకు ఒరిగి, సగమే కూర్చుంది. బీచ్ పక్క ఇళ్ళ నుంచి వచ్చే యంత్రాల్లో ఈ పచ్చదనం కొత్త కాదు. తలను ప్లాస్టిక్ పనిముట్టుతో నిట్టనిలువుగా పైకి లేపాలి, పక్కకు వంచితే కార్డు మీది సాకెట్ ఊడొస్తుంది. గాఢత ఎక్కువున్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడిచి, ఆరనిచ్చి, టిక్‌మని శబ్దం వచ్చేలా నొక్కాం. ఈ చిన్న కనెక్టర్లు తీసి పెట్టడానికి సుమారు 30 సార్లే హామీ ఉన్నవి, ఊరికే పీకి చూడకూడదు. అదే బల్ల, అదే దూరం: ఈసారి -46 డీబీఎం.

ఇంట్లో మళ్ళీ కనబడలేదు

లాప్‌టాప్ ఇంటికి చేరాక అపార్ట్‌మెంట్‌లో ఉన్న పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ కనిపించాయి, సొంతది తప్ప. ఫోన్‌లో మాత్రం నిక్షేపంగా ఉంది. ఫోన్ కనెక్ట్ అయింది 5 గిగాహెర్ట్జ్‌కు, రెండు బ్యాండ్లకూ ఒకే పేరు. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ పెట్టి చూస్తే రూటర్ 2.4 బ్యాండ్ 13వ ఛానెల్‌లో కూర్చుంది.

రూటర్ చేసిందాంట్లో తప్పు లేదు. మన దేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ దాకా లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. 13వ ఛానెల్ మధ్యబిందువు 2472 మెగాహెర్ట్జ్, అది ఆ పరిధిలోదే. తక్కిన ఛానెళ్ళన్నీ పక్క ఫ్లాట్లతో కిక్కిరిసి ఉంటే 'ఆటో' సెట్టింగ్ ఖాళీగా ఉన్న 13ను ఎంచుకోవడం సహజం. తేడా కార్డుది. అమెరికాలో మామూలు వైఫైకి వాడేవి 11 ఛానెళ్ళే, ఈ కార్డులో ఆ నియమం పాతుకుపోయి ఉంది. 'ఐడబ్ల్యూ లిస్ట్'లో 2467, 2472 పక్కన 'డిసేబుల్డ్' అని ఉంది. 'ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్' ఇచ్చినా మారలేదు. కార్డు తెచ్చుకున్న పరిమితిని మనమిచ్చే దేశం కోడ్ బిగించగలదు గానీ సడలించలేదు.

ఒక్కోరోజు పేరు మాయం కావడానికీ ఇదే జవాబు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటర్ కొత్తగా ఛానెల్ వెతుక్కుంటుంది. 6 పడితే లాప్‌టాప్‌కు కనబడుతుంది, 13 పడితే కనబడదు.

రూటర్ పేజీలో 2.4 బ్యాండ్‌కు 'ఆటో' తీసేయాలి. 'ఎన్ఎంసీఎల్ఐ' వైఫై జాబితాలో ఛానెల్, సిగ్నల్ వరసలు చూస్తే 1, 6ల మీద గట్టి సిగ్నళ్ళు ఎక్కువగా ఉన్నాయి, 11 కాస్త తేలిక. 11 స్థిరం చేశాం. వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు దించాం. 2.4లో 40 పెడితే బ్యాండ్‌లో సగం మనమే ఆక్రమించి, పక్కవాళ్ళందరితో గుద్దుకోవడమే. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, ఏఈఎస్. 2.4కు వేరే పేరు పెట్టడం కూడా మంచిది, లాప్‌టాప్ దేన్ని పట్టిందో వెంటనే తెలుస్తుంది.

ఇక మీదట

'లినక్స్-హెడర్స్-ఏఎండీ64' మెటా ప్యాకేజీని తీయకూడదు. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా హెడర్లను, వాటితో డ్రైవర్‌ను వెంట తెచ్చేది అదే. కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక రీబూట్ చేసేముందు 'డీకేఎంఎస్ స్టేటస్' ఒకసారి చూడాలి. కొత్త వెర్షన్ పక్కన 'ఇన్‌స్టాల్డ్' లేకపోతే, బూట్‌లో వచ్చే గ్రబ్ మెనూలోని 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో పాత కెర్నెల్ ఉంటుంది, దానితో తెరిస్తే వైఫై ఉంటుంది.

ఈ డ్రైవర్‌ను నమ్ముకుని ఏళ్ళ తరబడి నడపమని మాత్రం చెప్పం. తయారీదారు దాని మీద పని ఎప్పుడో మానేశాడు, 2019లో అందులో భద్రతా లోపాలు కూడా బయటపడ్డాయి. కాలేజీ పనికి ప్రస్తుతానికి చాలు. వీలైనప్పుడు ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనుక్కోమని చెప్పాం. మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్ అయితే రెండు బ్యాండ్లూ పడుతుంది, డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, డెబియన్ 12లో 'ఫర్మ్‌వేర్-మిస్క్-నాన్‌ఫ్రీ' ఒక్కటి వేస్తే సరి. అట్టపెట్టె మీది మోడల్ నంబర్ చూసి కొనకూడదు. ఒకే మోడల్ పేరుతో వెర్షన్ మారినప్పుడు లోపల చిప్ కూడా మారిపోతుంటుంది. దుకాణంలోనే లాప్‌టాప్‌కు గుచ్చి 'ఎల్ఎస్‌యూఎస్‌బీ'లో చిప్ ఏదో చూసి డబ్బులివ్వాలి.

అడాప్టర్ వచ్చాక 'బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్'ను 'రిమూవ్' కాదు, 'పర్జ్' చేయాలి. రిమూవ్‌తో ఈటీసీలోని కాన్ఫిగరేషన్ ఫైళ్ళు మిగిలిపోతాయి, బ్లాక్‌లిస్ట్ కూడా వాటిలో ఒకటి. మనం పెట్టిన మ్యాక్ అడ్రస్ ఫైలునూ తీసేయొచ్చు, మీడియాటెక్ డ్రైవర్‌కు దాని అవసరం లేదు.